నీళ్ళలో ఏ లెన్సు నిజం చెబుతుంది?

కెమెరాను సముద్రంలోకి దించాలంటే రెండు వస్తువులు తప్పవు. ఒకటి కెమెరా చుట్టూ నీరు చొరబడకుండా బిగించే హౌసింగ్. రెండోది లెన్సుకి ఎదురుగా ఆ హౌసింగ్‌కు తగిలించే పోర్టు. హౌసింగ్ దగ్గర పెద్ద పేచీ ఉండదు, కెమెరా మోడల్‌ను బట్టి అదే తేలిపోతుంది. పేచీ అంతా వైడ్ యాంగిల్ లెన్సు దగ్గర, దాని ముందు ఏ పోర్టు ఉండాలన్న దగ్గర వస్తుంది. ఈ సంవాదంలోని ఇద్దరూ విశాఖపట్నం అక్కాతమ్ముళ్ళు. అక్క చాలా ఏళ్ళుగా, మూల నుంచి మూలకి 180 డిగ్రీలు చూసే ఫిష్‌ఐ లెన్సుతో నీటి అడుగున ఫోటోలు తీస్తోంది. తమ్ముడు భవనాల ఫోటోగ్రాఫరు, స్కూబా కొత్తగా నేర్చుకున్నాడు. అండమాన్ ప్రయాణానికి సామాను జాబితా రాస్తుండగా వచ్చిన వాదన ఇది.

తమ్ముడు: నా లెక్క తేలికే అక్కా. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంది, 16-35 ఎంఎం జూమ్ ఉంది. 16 దగ్గర అది మూల నుంచి మూలకి 107 డిగ్రీలు చూస్తుంది. గోడ గోడలాగే, గీత గీతలాగే వస్తుంది. దానికి సరిపోయే పోర్టు ఒకటి కొంటే సరి. ఫ్లాట్ పోర్టు చవక, తేలిక కూడా. దాంతో మొదలుపెట్టకూడదా?

అక్క: ఫ్లాట్ పోర్టు పెట్టిన క్షణమే నీ 107 డిగ్రీలు పోతాయిరా. సముద్రపు నీటి వక్రీభవన గుణకం సుమారు 1.34. చదునైన గాజు దాటి గాలిలోకి వచ్చిన కిరణం లంబానికి దూరంగా వంగుతుంది. నీ లెన్సు అంచులో 53 డిగ్రీల వాలున చూస్తున్నాననుకుంటుంది, నీళ్ళలో మాత్రం దానికి దక్కేది 37 డిగ్రీల వాలే. మొత్తం మీద 107 కాస్తా 74 అవుతుంది. నేలమీద 28 ఎంఎం లెన్సు చూసేంత. ఇంకా వెడల్పు లెన్సు తెచ్చినా చదునైన గాజు వెనక నుంచి 97 డిగ్రీలు దాటి చూడటం ఏ లెన్సుకీ సాధ్యం కాదు. అంచుల్లో రంగులు విడిపోయి అంచు పట్టీల్లా కనిపిస్తాయి. నీకు ప్రాణమైన సరళరేఖలు లోపలికి వంగుతాయి. చిన్న జీవుల్ని పెద్దగా చూపించే మాక్రోకి ఫ్లాట్ పోర్టు మంచిదే. వైడ్‌కి కాదు.

తమ్ముడు: అయితే గోళంలా వంగిన డోమ్ పోర్టు. అది నాకు అర్థమైంది. లెన్సులోకి కిరణాలన్నీ చేరే బిందువును డోమ్ వక్రతా కేంద్రం మీద నిలబెడితే ప్రతి కిరణమూ గోళాన్ని లంబంగానే తాకుతుంది. లంబంగా తాకిన కిరణం వంగదు. నా కోణం నాకు తిరిగి వస్తుంది.

అక్క: కోణం వస్తుంది, ఫోకస్ మారిపోతుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో వక్రతలాల దగ్గర వక్రీభవన సూత్రం చదివావు కదా, అది తియ్యి. నీటి గుణకం 4/3, వస్తువు అనంత దూరంలో ఉంది అనుకుని లెక్క వెయ్యి. ప్రతిబింబం డోమ్ ఉపరితలం నుంచి వ్యాసార్థానికి మూడింతల దూరంలో, నీటి వైపునే, మిథ్యా ప్రతిబింబంగా తేలుతుంది. వ్యాసార్థం 10 సెంటీమీటర్లు ఉన్న డోమ్ తీసుకో. ఎంత దూరాన ఉన్న వస్తువైనా దాని ముందు 30 సెంటీమీటర్ల లోపే కనిపిస్తుంది. మీటరు దూరంలో ఉన్న చేప 21 సెంటీమీటర్ల దగ్గర కనిపిస్తుంది. మీటరు నుంచి దిగంతం దాకా ఉన్న సముద్రమంతా లెన్సుకి 9 సెంటీమీటర్ల మందంలోనే ఉంటుంది. నీ లెన్సు ఫోకస్ చేసేది ఆ ప్రతిబింబం మీద.

తమ్ముడు: 30 సెంటీమీటర్లయితే నాకు ఇబ్బంది లేదు. నా జూమ్ సెన్సార్ నుంచి 28 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది.

అక్క: దూరపు వస్తువులకి చాలు. డోమ్ ముందు ఒక అడుగులో నక్షత్ర చేప ఉంటే? దాని ప్రతిబింబం డోమ్‌కి ఇంకా దగ్గరగా వస్తుంది, నీ లెన్సు పరిమితి అక్కడికి దగ్గర్లోనే అయిపోతుంది. డోమ్‌ని ఆనుకున్నంత దగ్గరకి వెళ్ళాలంటే నీ లెన్సు చేతులెత్తేస్తుంది. పైగా ఆ ప్రతిబింబం చదునుగా ఉండదు, డోమ్‌లాగే వంగి ఉంటుంది. తిన్నని గీతల కోసం తయారైన నీ రెక్టిలీనియర్ లెన్సు చదునైన తలాన్ని ఫోకస్ చెయ్యడానికి పుట్టింది. మధ్యలో ఫోకస్ కుదిరితే మూలలు చెదిరిపోతాయి. మూలల్ని కాపాడాలంటే అపెర్చర్‌ని ఎఫ్/11, ఎఫ్/13 దాకా మూసెయ్యాలి. అప్పుడు నీటి అడుగున ఫ్లాష్‌గా వాడే స్ట్రోబ్ లైట్లు రెట్టింపు కష్టపడాలి. ఫిష్‌ఐ లెన్సు చదును కోసం పాకులాడదు కాబట్టి వంగిన ప్రతిబింబంతో దానికి తగవు తక్కువ. సెన్సార్ నుంచి 15, 16 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. అందుకే అరచేతి వెడల్పు డోమ్ వెనక కూడా హాయిగా పనిచేస్తుంది.

తమ్ముడు: నువ్వు చెప్పిన రోగానికి మందు కూడా నీ లెక్కలోనే ఉంది. వ్యాసార్థం పెంచితే ప్రతిబింబం దూరం జరుగుతుంది, దాని వంపు కూడా తగ్గుతుంది. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న గాజు డోమ్ తీసుకుంటే దిగంతం 34 సెంటీమీటర్ల అవతలికి పోతుంది. మూలలు బాగుపడతాయి. ఇంకో లాభం ఉంది. సగం నీటిపైన, సగం నీటికింద కనిపించే ఫోటోలు తియ్యాలని నా కోరిక. పైన హేవ్‌లాక్ తీరంలో చెట్లు, కింద పగడాలు. గాజుని అంటుకుని పైకి పాకే నీటి అంచు మందం డోమ్ సైజుని బట్టి మారదు. కాబట్టి డోమ్ ఎంత పెద్దదైతే ఆ గీత చిత్రంలో అంత సన్నగా వస్తుంది.

అక్క: సగం-సగం ఫోటోల విషయంలో నీతో వాదించను. వాటికి పెద్ద డోమే కావాలి. ఎఫ్/16 దాకా మూసుకోవాలని కూడా గుర్తుపెట్టుకో, ఎందుకంటే పైన చెట్టు నిజంగానే దూరంలో ఉంటుంది, కింద పగడం ప్రతిబింబం గాజు పక్కనే ఉంటుంది. కానీ నీ డైవ్ అంతా నీటి అంచు దగ్గరే గడవదు. వ్యాసం రెట్టింపైతే లోపలి ఖాళీ ఎనిమిదింతలవుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న అర్ధగోళంలో పట్టే గాలి పావు లీటరు. 23 సెంటీమీటర్లదైతే మూడు లీటర్లు దాటుతుంది. ప్రతి లీటరు గాలీ కెమెరా ముందు భాగాన్ని దాదాపు కిలో బరువుతో పైకి లేపుతుంది. డైవ్ పొడుగునా మణికట్టుతో దాన్ని కిందికి నొక్కి పట్టుకోవాలి. ఒడ్డున మాత్రం అదే గాజు బరువై కూర్చుంటుంది. మన దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. హౌసింగ్, స్ట్రోబ్‌లు, రెగ్యులేటరు, పెద్ద డోమ్ పెట్టాక నీ బట్టలకి చోటు వెతుక్కోవాలి.

తమ్ముడు: బరువు మోస్తాను. బరువు భయంతో చిత్రాన్ని తగ్గించుకోను.

అక్క: సరే, బరువు పక్కన పెడదాం. నా అసలు వాదన నీటి మందం గురించి. ఎరుపు రంగు మొదటి కొద్ది మీటర్ల నీళ్ళలోనే అయిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చేది స్ట్రోబ్. స్ట్రోబ్ వెలుగు వస్తువు దాకా వెళ్ళాలి, అక్కణ్ణించి లెన్సు దాకా రావాలి. రెండు ప్రయాణాల్లోనూ నీళ్ళు సుంకం వసూలు చేస్తాయి. రెండు మీటర్ల వెడల్పున విచ్చుకున్న సీ ఫ్యాన్ పగడం ఉందనుకో. దాన్ని ఫ్రేము నిండా తియ్యడానికి నీ 16 ఎంఎంతో దాదాపు 90 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలి. నా ఫిష్‌ఐతో 40 సెంటీమీటర్ల లోపు చాలు. నీ వెలుగు రానూపోనూ 1.8 మీటర్లు నడుస్తుంది, నాది 80 సెంటీమీటర్లు కూడా నడవదు. నీ చిత్రంలో సీ ఫ్యాన్ గోధుమరంగు తడికలా ఉంటే నా చిత్రంలో ఎర్రగా, ఒక్కొక్క పాలిప్ విడివిడిగా కనిపిస్తుంది. ఇక మన విశాఖ నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వానలకి, తుపానులకి నదులు తెచ్చి పోసిన ఒండ్రు నీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. మనకీ వస్తువుకీ మధ్య ఉన్న ప్రతి రేణువూ స్ట్రోబ్ వెలుగులో తెల్లచుక్కై బ్యాక్‌స్కాటర్‌గా మారుతుంది. ఆ చుక్కల్ని తగ్గించే మొదటి ఉపాయం మధ్యలో నీళ్ళని తగ్గించడం. అందుకే వైడ్ లెన్సు ఎక్కువ చోటు చూపించడానికని నేను ఎప్పుడూ అనుకోలేదు. అది మనల్ని దగ్గరికి చేర్చడానికి.

తమ్ముడు: దగ్గరికి చేరడమే గొప్ప అన్న ఆ మాట దగ్గరే నాకు భయమక్కా. పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటికి జానెడు దూరంలో కెమెరా పెట్టే ఫోటోగ్రాఫర్ కాళ్ళెక్కడ ఉంటాయో అతనికి తెలియదు. ఫిన్నులు పగడం కొమ్మల్ని తాకుతుంటాయి. తాబేలు పైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి, దాని దారికి అడ్డం వెళ్ళే డైవర్లున్నారు. అండమాన్ అధికారిక జంతువు దుగాంగ్. అది కనిపిస్తే నీ లెన్సు దాని మొహం దాకా వెళ్ళమని పోరుతుంది. నా జూమ్ నన్ను వెనక్కి నిలబడనిస్తుంది.

అక్క: నువ్వన్నది ప్రతి డైవరూ పాటించాల్సిన నియమం. తేలే శక్తి మీద అదుపు రాని మనిషి ఏ కెమెరా పట్టుకోకూడదని నేనూ అంటాను. కానీ పగడపు దిబ్బకి ఎక్కువ తగిలేది పెద్ద డోమే. రెండు కొమ్మల మధ్య అరచేతి వెడల్పు డోమ్ తాకకుండా నిలుస్తుంది, నీ 23 సెంటీమీటర్ల గాజు అక్కడ పట్టదు. కదలని వాటి దగ్గరికి నెమ్మదిగా వెళ్ళు. కదిలే వాటిని అవే రానివ్వు. రాకపోతే నా లెన్సుతో ఆ ఫోటో లేదు. దాన్ని ఒప్పుకుంటాను. రెండు మీటర్ల షార్క్ మూడు మీటర్ల దూరంలో వెళ్తే నా ఫ్రేము వెడల్పులో అది పావు వంతే.

తమ్ముడు: నా 35 ఎంఎం కొసన అదే షార్క్ ఫ్రేములో మూడింట రెండు వంతులు ఉంటుంది!

అక్క: ఉంటుంది. నీలంగా, మసకగా. మూడు మీటర్ల నీళ్ళు దాటి వెళ్ళి తిరిగొచ్చే సరికి స్ట్రోబ్ వెలుగులో దాదాపు ఏమీ మిగలదు. నీకు దక్కేది ఆకారం.

తమ్ముడు: ఆకారమే నాకు కావాలి! మన ఇద్దరి తేడా అక్కడే ఉంది. నువ్వు రంగు దక్కితే నిజం దక్కిందనుకుంటావు. నేను రూపం దక్కితే నిజం దక్కిందనుకుంటాను. మునిగిన ఓడ తియ్యాలనుకో. దాని రెయిలింగ్, తెరచాప కొయ్య, డెక్కు పలకలు మనుషులు తిన్నగా కట్టినవి. ఫిష్‌ఐ వాటిని విల్లులా వంచేస్తుంది. చూసేవాడికి ఓడ విరిగి వంగిందో, లెన్సు వంచిందో తెలియదు. నేను భవనాలు తీసి బతుకుతున్నాను, నిలువు గీత నిలువుగా లేకపోతే అది ఆ కట్టడం గురించి అబద్ధమే.

అక్క: ఓడ విషయంలో నీ మాటకి బలముంది. కానీ నీ లెన్సు కూడా ఒక చోట అబద్ధం చెబుతుంది, దాన్ని కూడా లెక్కపెట్టు. తిన్నని గీతల్ని తిన్నగా ఉంచడం కోసం రెక్టిలీనియర్ లెన్సు గుండ్రటి వస్తువుల్ని అంచుల వైపు సాగదీస్తుంది. 107 డిగ్రీల లెన్సు మూలలో గుండ్రటి ముఖం ఒక పక్కకి 1.7 రెట్లు సాగుతుంది. నీ ఫ్రేము మూలలో ఈదే తోటి డైవరు తల దోసకాయంత పొడుగు అవుతుంది. సముద్రంలో గీతలెన్ని? గుండ్రటివెన్ని? చేప, తాబేలు, మెదడు పగడం, జెల్లీచేప, స్పంజిక, వీటిలో ఒక్క సరళరేఖ చూపించు. ఫిష్‌ఐ గీతల్ని వంచుతుంది గాని గుండ్రటి రూపాన్ని అంతగా చెడగొట్టదు. దిబ్బ మీద ఏది ఎక్కువ నిజం చెబుతోందో నువ్వే ఆలోచించు.

తమ్ముడు: మూలలో మనిషిని పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పెట్టను. అయినా నీ మాట గట్టిదే, దిబ్బ వరకు ఒప్పుకుంటా. అయితే ఒకటి అడుగుతాను. లెన్సు, గాలి, డోమ్, నీళ్ళు అని ఇంత పోరు ఎందుకు? నీళ్ళని లెక్కలో పెట్టుకునే లెన్సునే తయారుచేస్తే పోలా?

అక్క: చేశారు, చాలా కాలం కిందటే. సముద్ర అన్వేషకుడు కుస్తో బృందం కోసం జాన్ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాని నికాన్ తీసుకుని 1963లో నికోనోస్‌గా తెచ్చింది. ఆ వరసలో వచ్చిన యూడబ్ల్యూ-నిక్కోర్ 15 ఎంఎం లెన్సుకి ముందు పోర్టే లేదు. దాని ముందు గాజు నేరుగా నీళ్ళని తాకుతుంది, నీళ్ళలో 94 డిగ్రీలు చూస్తుంది. నేలమీద అది పనికిరాదు. గాలీ డోమూ లేకపోవడం వల్ల మూలల దాకా పదును నిలిచేది. నికోనోస్ 2001లో ఆగిపోయింది. ఆ ఆలోచన మాత్రం ఆగలేదు. హాంకాంగ్‌కి చెందిన నాటికామ్ 2015లో తెచ్చిన డబ్ల్యూడబ్ల్యూఎల్-1 అలాంటిదే. 28 ఎంఎం లెన్సు ముందు ఫ్లాట్ పోర్టు, దాని ముందు నీళ్ళలోనే తగిలించే ఈ వెట్ లెన్సు. మొత్తం 130 డిగ్రీలు.

తమ్ముడు: అయితే మన తగువు తీరినట్టే! నీ ఫిష్‌ఐ కన్నా తక్కువ వంపు, నా డోమ్ కన్నా మంచి మూలలు. జూమ్ కూడా చేసుకోవచ్చు. 28-60 లాంటి చిన్న లెన్సు చాలు.

అక్క: తీరలేదు. నీ సగం-సగం ఫోటోలు దాంతో కుదరవు. పోర్టుకీ వెట్ లెన్సుకీ మధ్య నీళ్ళు నిండి ఉంటేనే అది పనిచేస్తుంది. నీళ్ళలోకి దిగగానే ఆ సందులో ఇరుక్కున్న బుడగల్ని వదిలించాలి, మరిచిపోతే చిత్రం మధ్యలో బుడగ. బరువు కిలో పైమాటే, ధర ఒక మంచి కెమెరా బాడీతో పోటీ పడుతుంది. నాకు కావలసిన ఒక చిత్రానికి 130 చాలదు. అడుగున వెల్లకిలా తిరిగి చూస్తే పైనున్న ఆకాశమంతా 97 డిగ్రీల వృత్తంలో ఇమిడి కనిపిస్తుంది, స్నెల్ కిటికీ అంటారు. ఆ వృత్తం పూర్తిగా, దాని చుట్టూ పగడాల గోడ కూడా రావాలంటే 180 డిగ్రీలు కావాలి. ఏ దిబ్బకైనా ఒకే సెట్టు చాలనుకునే మనిషికి మాత్రం ఈ రోజు నేను చెప్పేది వెట్ లెన్సే.

తమ్ముడు: డోమే తీసుకుంటే గాజా, యాక్రిలిక్కా?

అక్క: అది తొందరగా తేలుతుంది. యాక్రిలిక్ తేలిక, చవక. గీతలు త్వరగా పడతాయి, కానీ ఆ గీతల్లో నీళ్ళు నిండితే చాలావరకు కనిపించవు, సన్నటి పాలిష్ పేపరుతో పోగొట్టుకోవచ్చు. గాజు గీతలకి లొంగదు. ఒకసారి లోతుగా పడిందంటే ఇక మార్చాల్సిందే. నీటిపైన సగం చూపించే చిత్రాల్లో యాక్రిలిక్ గీత ఎండకి మెరుస్తుంది, కాబట్టి నీ కోరికకి గాజే మంచిది. దీనికన్నా ముఖ్యమైంది హౌసింగ్‌కీ పోర్టుకీ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్ రింగ్. లెన్సు వెనక్కి ముందుకి ఒక సెంటీమీటరు తప్పినా డోమ్ కేంద్రం తప్పుతుంది, మూలలు చెడతాయి. ఏ లెన్సుకి ఏ డోమ్, ఎన్ని మిల్లీమీటర్ల రింగ్ అన్నది హౌసింగ్ తయారీదారులు పోర్ట్ చార్టులో ఇస్తారు. దాన్ని చూడకుండా ఏదీ కొనకు. కొన్నాక ఈతకొలనులో టైల్స్ గోడని ఎఫ్/5.6, ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర తీసి మూలల్ని చూసుకో.

తమ్ముడు: టైల్స్ గోడ అంటే నా లెన్సే గెలుస్తుంది.

అక్క: గెలుస్తుంది, తిన్నదనంలో. పదునులో మాత్రం చదునైన గోడ ఏ డోమ్‌కైనా కఠినమైన పరీక్షే. సముద్రంలో పై మూలల్లో ఎక్కువసార్లు నీలం నీళ్ళే ఉంటాయి, అక్కడ పదును లేకపోయినా నష్టం లేదు. చూడాల్సింది కింది మూలలు. ఇసుకో, పగడమో లెన్సుకి బాగా దగ్గరగా వచ్చేది అక్కడే, ముందు చెడేది కూడా అక్కడే. కెమెరాని కొంచెం పైకి ఎత్తి ఆ మూలల్ని ఖాళీ చేసుకుంటే చాలా డోమ్‌లు మంచివైపోతాయి.

తమ్ముడు: నా పక్షం వదలను అక్కా. ఓడల శకలాలు, దగ్గరికి రాని జీవులు, నీటి అంచు చిత్రాలు, వీటికి తిన్నని లెన్సూ పెద్ద డోమూ నాకు కావాలి. కానీ నా జాబితా తలకిందులుగా రాశాను. పోర్టు సైజు పైన రాసి, దాని కింద లెన్సు రాసి, ఏం తియ్యాలన్నది చివర్న రాశాను.

అక్క: నేనూ వదలను. మన విశాఖ తీరంలో రెండు మూడు మీటర్ల చూపు కూడా దొరకని రోజులుంటాయి. ఆ నీళ్ళలో ఉన్న జీవాన్ని రంగుతో సహా మన వాళ్ళకి చూపించాలంటే దగ్గరికి వెళ్ళే లెన్సే కావాలి. బీచ్ రోడ్డు మీద నడిచే వాళ్ళలో ఎక్కువమందికి ఆ అలల కింద ఏముందో తెలియదు. తెలియని దాన్ని కాపాడమని వాళ్ళని ఎలా అడుగుతాం? అందుకే నేను రంగు పక్షం. నువ్వు రూపం పక్షంలో ఉండు, ఓడకి సాక్ష్యం చెప్పేవాళ్ళూ కావాలి. ఇద్దరికీ వరస మాత్రం ఒకటే. ముందు వస్తువు, దానికీ మనకీ ఉండబోయే దూరం. ఆ దూరాన్ని బట్టి కోణం, కోణాన్ని బట్టి లెన్సు. లెన్సు ఎంత దగ్గర ఫోకస్ చేస్తుందో దాన్ని బట్టి డోమ్ వ్యాసార్థం, చివరికి రింగ్. నీ జాబితా ఇటివ్వు, మొదటి గడిలో దూరం రాద్దాం.